ఇంట్లో ఏం జరిగినా ఫైలు టైముకి పంపాలంటే

డెడ్‌లైన్ ఆఖరి రోజు రాత్రి తప్పిపోయిందనుకుంటాం. చాలాసార్లు అది వారం ముందే, "సరే, శుక్రవారానికి ఇచ్చేస్తాను" అని మెయిల్ కొట్టినప్పుడే తప్పిపోయి ఉంటుంది. అలా ఒప్పుకునేటప్పుడు మనం ఊహించుకునే వారంలో ఎవరికీ జ్వరం రాదు, కరెంటు పోదు, ఊరి నుంచి చుట్టాలు దిగరు. అలాంటి వారం మీ ఇంట్లో చివరిసారి ఎప్పుడొచ్చిందో గుర్తు చేసుకోండి.

ఇంటి నుంచి ఫ్రీలాన్స్ పని చేసేవాళ్ల కోసం రాస్తున్నాను. పట్టుదల పెంచుకోమనో, తెల్లవారుజామున నాలుగింటికి లేవమనో చెప్పను. నాలుగింటికి లేచిన మనిషి పదకొండింటికి తూగుతాడు, అంతే. మనకొచ్చే అడ్డంకుల్లో చాలావరకు ముందే తెలిసినవి. వాటిని పని ఒప్పుకునే ముందే లెక్కలో వేసుకోవచ్చు. నిజంగా నెత్తిన పడేవి కొన్నే ఉంటాయి, వాటికి కావాల్సింది తొందరగా పంపే ఒక మెసేజ్. కింద చెప్పే పనులన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

ఉదాహరణలు ఇంగ్లిష్ నుంచి తెలుగుకి చేసే అనువాదం పనిలోంచి ఇస్తున్నాను, నేను చేసేది అదే కాబట్టి. సబ్‌టైటిళ్లు, డిజైను, వెబ్‌సైట్లు, అకౌంట్లు చూసేవాళ్లు మాటల లెక్క ఉన్నచోట మీ లెక్క పెట్టుకోండి.

1. ముందు మీ చేతికి దొరికే గంటలు తేల్చుకోండి

ఒక వారం పాటు పాత నోటుబుక్కు ఒకటి పక్కన పెట్టుకుని, పనికి కూర్చున్న టైము, లేచిన టైము రాయండి. దీనికి ఫోన్ యాప్ వద్దు. యాప్ కోసం ఫోన్ తీస్తే వాట్సాప్ దగ్గర తేలతాం. నీళ్ల ట్యాంకర్ వచ్చిందని లేచింది, పాలు పొంగాయని లేచింది, స్కూలు బస్సు దగ్గరకి వెళ్లింది, అన్నీ పడాలి. వారం తిరిగాక కూడి చూడండి. పొద్దున్నుంచి రాత్రి దాకా లాప్‌టాప్ ముందే ఉన్నట్టు అనిపించిన రోజున కూడా, గట్టిగా పని నడిచింది నాలుగు గంటలే అని తేలితే కంగారు పడకండి. ఇల్లు నడుపుతూ పని చేసేవాళ్లకి అది మామూలే.

అనువాదంలో రోజుకి 2,000 నుంచి 2,500 మాటలు అనేది మనకి పని పంపే అనువాద ఏజెన్సీలు మామూలుగా వేసే లెక్క. అది వేరే పనేదీ పెట్టుకోకుండా రోజంతా కూర్చునే మనిషి లెక్క. మీకు దొరికేది నాలుగు గంటలే అయితే, గంటకి 300 చొప్పున 1,200 మాటలు. మళ్లీ చదివి దిద్దుకోవడానికి పట్టే టైము ఇందులో లేదు. అది తీసేస్తే 1,000 దగ్గర ఆగుతారు. అంటే 9,000 మాటల ఫైలు ఏజెన్సీ లెక్కలో నాలుగు రోజుల పని, మీ ఇంటి లెక్కలో తొమ్మిది రోజుల పని. ఏజెన్సీ లెక్కకి తలూపి ఇంటి లెక్కతో పని చేస్తున్నాం కనకే రాత్రిళ్లు నిద్ర ఉండట్లేదు.

తన పనికి ఎంత టైము పడుతుందో మనిషి చాలాసార్లు తక్కువగానే అంచనా వేసుకుంటాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వర్‌స్కీ 1979లోనే రాశారు. తర్వాత 1994లో రోజర్ బ్యూలర్, ఆయనతో పనిచేసినవాళ్లు కొందరు విద్యార్థుల్ని మీ థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులు పట్టొచ్చని అడిగితే 49 అన్నారు. తీరా పట్టింది 55 రోజుల పైనే. "అన్నీ అడ్డం తిరిగితే" అని వేసుకున్న లెక్క కూడా చాలలేదన్నమాట.

అందుకని రాబోయే పనిని చూసి అంచనా వేయకండి. అయిపోయిన పనుల్ని చూసి వేయండి. అదే నోటుబుక్కు వెనక పేజీల్లో నాలుగు గళ్లు గీసుకోండి: పని పేరు, మాటలు, ఎన్ని రోజులనుకున్నారు, ఎన్ని రోజులు పట్టింది. పదో పన్నెండో వరుసలు పడేసరికి మీ నిష్పత్తి మీకే కనబడుతుంది. ఐదు రోజులనుకున్నది ప్రతిసారీ ఎనిమిదికి పోతుంటే, ఇకనుంచి మనసు ఐదు అన్నప్పుడల్లా కాగితం మీద ఎనిమిది రాయండి. మనసుతో వాదన పెట్టుకోవద్దు.

2. ఫైలు తెరవకుండా 'సరే' అనకండి

"చిన్న ఫైలే అండీ, రెండు వేల మాటలు" అంటారు. తెరిస్తే స్కాన్ చేసిన పీడీఎఫ్. సగం పేజీల మీద రబ్బరు స్టాంపులు, మార్జిన్‌లో చేతిరాత, మధ్యలో ఏడు గళ్ల పట్టిక. మాటలు రెండు వేలే, కానీ ఆ పట్టికని మళ్లీ వర్డ్‌లో కట్టడానికి ఒక పూట పోతుంది. ఇంకోసారి, "ఇంతకుముందు తెలుగులో చేసినదే ఉంది, అది చూసి చేయండి" అని పాత ఫైలు పంపుతారు. అది అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత డీటీపీ తెలుగు ఫాంట్లు) ఉంటుంది. యూనికోడ్‌కి మార్చి, మార్పిడిలో విరిగిన ఒత్తులు సరిచేసుకునేసరికి సాయంత్రం అవుతుంది.

కాబట్టి జవాబివ్వడానికి ఓ అరగంట అడగండి. "ఫైలు చూసి పన్నెండింటికల్లా చెప్తాను" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఆ అరగంటలో మొదటి పేజీ, మధ్యలో ఒక పేజీ, చివరి పేజీ చదవండి. పేజీలన్నీ ఉన్నాయా, ఇంకా రావాల్సినవి ఉన్నాయా అడగండి. "మిగతా రెండు చాప్టర్లు రేపు పంపుతాం" అంటే, గడువు ఆ చాప్టర్లు వచ్చిన రోజు నుంచి లెక్క అని మెయిల్‌లోనే రాసిపెట్టుకోండి.

తర్వాత అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. కొత్తవాళ్లు దీన్ని అడగడానికి మొహమాటపడతారు. నా దగ్గర నుంచి ఈ ఫైలు ఎవరి చేతికి వెళ్తుంది, ఎప్పుడు? మందుల కంపెనీల క్లినికల్ ట్రయల్స్‌లో (మనుషుల మీద మందుల్ని పరీక్షించడం) చేరేవాళ్ల చేత సంతకం పెట్టించే సమ్మతి పత్రం, అంటే కన్సెంట్ ఫారం, ఉంటుంది, దాన్ని వాళ్లకి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. మనం తెలుగు చేశాక ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి చేస్తారు, రెండూ పోల్చి చూస్తారు, ఆ తర్వాత ట్రయల్‌కి అనుమతినిచ్చే ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ ముందుకి వెళ్తుంది. ఆ కమిటీ కూర్చునే రోజు ముందే ఖరారై ఉంటుంది. మీరు ఒక్క రోజు ఆలస్యం చేస్తే కాగితం తర్వాతి మీటింగు దాకా ఆగిపోవచ్చు. అలాంటి గడువు కదలదు. అదే ఒక కంపెనీ బ్లాగు కోసం వ్యాసం అయితే, శుక్రవారం సాయంత్రం అడిగినా చదివేవాళ్లు సోమవారం పదింటికి గానీ తెరవరు. అక్కడ అడిగితే ఆదివారం రాత్రి దాకా ఇస్తారు. ఏ గడువు రాయి, ఏది కాస్త సాగుతుంది అన్నది పని ఒప్పుకున్న రోజే తెలిసి ఉంటే, ఆపద వచ్చినప్పుడు దేన్ని వదలాలో తడుముకోనక్కర్లేదు.

3. గడియారం ఎవరిది? క్యాలెండర్ ఎవరిది?

"ఫ్రైడే ఈఓడీ" (ఎండ్ ఆఫ్ డే, ఆ రోజు పని ముగిసేలోపు) అని రాస్తారు. ఎవరి ఫ్రైడే? న్యూయార్క్‌లో సాయంత్రం 5 అంటే వాళ్ల వేసవిలో మనకి శనివారం తెల్లవారుజామున 2:30, చలికాలంలో 3:30. లండన్‌లో 5 అంటే మనకి అదే రోజు రాత్రి 9:30 లేదా 10:30. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు మార్చుకుంటారు. యూరప్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. ఆ రోజుల్లో అలవాటైన లెక్క గంట అటూ ఇటూ అయిపోతుంది. ఇదంతా గుర్తుపెట్టుకోవడం కంటే, ఒప్పుకునే మెయిల్‌లో "శుక్రవారం రాత్రి 9 గంటలకి, భారత సమయం" అని మీరే రాసేయడం సుఖం.

ఇక క్యాలెండర్. గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్ ఉంటుందే, అందులో రాబోయే మూడు నెలలు తిప్పి చూడండి. సంక్రాంతికి జనవరి 13 నుంచి 16 దాకా పని జరగదు, ప్రయాణంతో కలిపితే 12, 17 కూడా పోతాయి. విదేశీ క్లయింట్లతో ఇక్కడో చిక్కుంది. వాళ్లు క్రిస్మస్‌కి మూసి, కొత్త సంవత్సరంలో తెరిచాక పెండింగ్ పనులన్నీ ఒక్కసారి పంపుతారు. అవి సరిగ్గా మన భోగి మంటల మీద వచ్చి పడతాయి. వాళ్లకి సంక్రాంతి తెలీదు. డిసెంబర్ పదిహేనుకల్లా "ఈ తారీకుల్లో నేను ఉండను" అని ఒక మెయిల్ పెడితే, వాళ్లే ముందుకో వెనక్కో జరుపుకుంటారు.

పిల్లలున్నవాళ్లు ఒంటిపూట బడులు మర్చిపోకండి. మార్చి నడుమ నుంచి పిల్లలు మధ్యాహ్నం పన్నెండున్నరకే ఇంటికొచ్చేస్తారు. మీ నాలుగు గంటల్లో రెండు అక్కడే పోయాయి. ఆ తర్వాత ఎండాకాలం సెలవులు, మళ్లీ జూన్ రెండో వారం దాకా అంతే. ఈ మూడు నెలలకీ మీ రోజు లెక్క వేరు, నోటుబుక్కులో వేరుగా రాసుకోండి. శ్రావణం పెళ్లిళ్లకి వెళ్లక తప్పదు. పెళ్లికి ఒక రోజని రాసుకుంటాం, నిజానికి మూడు పోతాయి: బయల్దేరే రోజు, పెళ్లి రోజు, వచ్చి బట్టలుతుక్కుని నిద్రపోయే రోజు. ఆషాఢంలోనూ, మూఢం ఉన్నప్పుడూ ముహూర్తాలుండవు కాబట్టి పెద్ద ఫైళ్లు అప్పుడు పెట్టుకోవచ్చు. ఇది నవ్వులాటకి అనట్లేదు, నేను అలాగే పెట్టుకుంటాను.

4. రెండు తారీకులు పెట్టుకోండి

మీ లెక్కలో ఆరు రోజులు తేలితే ఎనిమిది అడగండి. క్లయింట్‌కి ఎనిమిదో రోజు చెప్పండి, మీరు ఆరో రోజుకి పూర్తిచేసేలా పని పెట్టుకోండి. ఆ రెండు రోజుల మీద ఇంకో పని ఒప్పుకోకూడదు. చాలామంది ఇక్కడే జారతారు. "రెండు రోజులు ఖాళీ ఉందిగా" అని చిన్న ఫైలొకటి తీసుకుంటారు, మూడో రోజు పిల్లాడికి జ్వరం వస్తుంది.

అన్ని రోజులు కుదరదంటే విడతలుగా ఇస్తానని అడగండి. మొదటి సగం ఈ తారీకుకి, రెండో సగం ఆ తారీకుకి. దీనివల్ల ఇద్దరికీ లాభమే. వాళ్ల ఎడిటర్ ముందు సగం చూడటం మొదలుపెట్టొచ్చు, మీకేమైనా అయితే అప్పటికే సగం వాళ్ల చేతిలో ఉంటుంది.

విడతలకీ ఒప్పుకోకపోతే వదిలేయండి. వదిలేయడం ఎంత కష్టమో తెలుసు. ఈ నెల అద్దెకి డబ్బు లేనప్పుడు ఏ లెక్కలూ పనికిరావు, ఏది వస్తే దానికి సరే అంటాం. అందుకే డెడ్‌లైన్ల గురించి మాట్లాడుతూ బ్యాంకు ఖాతా గురించి చెప్పకపోతే ఆ సలహా సగమే. ఇన్వాయిస్ పెట్టాక 30 రోజులకో, 45కో, 60కో డబ్బులొచ్చే రంగం ఇది. కనీసం రెండు నెలల ఇంటిఖర్చు పక్కన ఉన్నవాళ్లు మాత్రమే నిజాయితీగా తారీకు చెప్పగలరు. మొదట కూడబెట్టాల్సింది అది. మంచి కుర్చీ, రెండో స్క్రీను తర్వాత కొనుక్కోవచ్చు.

5. ఎప్పుడు లేవాల్సొచ్చినా పర్లేదన్నట్టు పని పెట్టుకోండి

ఫైలు వచ్చిన మొదటి రోజు అనువాదం మొదలుపెట్టకండి. మొత్తం తిరగేసి, అర్థం కాని చోట్లు, రెండు రకాలుగా తీసుకోగల వాక్యాలు, సంక్షిప్తాలు అన్నీ ఒక జాబితా చేసి ఆ రోజే క్లయింట్‌కి పంపండి. వాళ్లు మనం పడుకున్నాక చూస్తారు, మనం లేచేసరికి జవాబుంటుంది. అదే ప్రశ్న ఆఖరి రోజు అడిగితే ఒక రోజు ఊరికే పోతుంది.

రెండో రోజు కష్టమైన భాగం ఎత్తుకోండి. తేలికైనవి ముందు చేసేస్తే సగం అయిపోయిందన్న ధైర్యం వస్తుంది, ఆ ధైర్యం నిజం కాదు. ఒక కన్సెంట్ ఫారంలో ఆసుపత్రి పేరు, ఫోన్ నంబర్లు, సంతకాల గళ్లు ఎవరైనా చేస్తారు. దుష్ఫలితాల పేరాల దగ్గరే గంటకి 300 మాటలు 150కి పడిపోతాయి. ఆ పేరాలు నలత లేని రోజున, ఇంట్లో అందరూ బాగున్న రోజున చేసేయాలి.

రోజూ పని ముగించి లేచేముందు రెండు నిమిషాలు దీనికివ్వండి. ఫైలు గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో పడిందా చూడండి (క్లయింట్ ఒప్పందం ప్రకారం బయట పెట్టకూడని ఫైలైతే వాళ్లిచ్చిన చోటే). పేరు చివర తారీకు పెట్టండి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ ఇదే" అని మూడు ఫైళ్లుంటే, హడావిడిలో మీరు పంపేది తప్పకుండా తప్పు ఫైలే. తర్వాత ఒక్క లైను: ఎక్కడ ఆపాను, రేపు ముందు ఏం చేయాలి, ఏ మాట ఇంకా తేలలేదు. నాలుగు రోజుల తర్వాత ఆసుపత్రి నుంచి వచ్చి కూర్చున్నప్పుడు ఆ లైను మీకు పూట పనిని మిగులుస్తుంది. మీ బదులు ఇంకొకరు కూర్చోవాల్సొచ్చినా అంతే.

దిద్దుబాటుకి విడిగా సగం రోజు ఉంచండి, మధ్యలో ఒక నిద్ర ఉండేలా. రాత్రి రెండింటికి పూర్తిచేసి అలాగే పంపేస్తే అంకెలు తప్పుతాయి. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు అని పగలు ఎవరినడిగినా చెప్తారు. నిద్ర కళ్లతో బిలియన్ పక్కన కోటి అని కొట్టేస్తారు, మళ్లీ చదివినా కనిపించదు. మందు మోతాదులో 5 పక్కన ఒక సున్నా చేరితే ఇంకా చెప్పక్కర్లేదు. నన్నడిగితే, నిద్రపోకుండా టైముకి పంపిన ఫైలు కంటే, చెప్పి నాలుగు గంటలు ఆలస్యంగా పంపిన శుభ్రమైన ఫైలు మేలు.

6. కరెంటు, నెట్టు

ఇన్వర్టర్ ఉందని ధీమాగా ఉంటాం. ఒకసారి మెయిన్ ఆపి చూడండి. చాలా ఇళ్లల్లో ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకీ లైట్లకీ మాత్రమే లాగి ఉంటుంది, వైఫై రూటర్ పెట్టిన ప్లగ్గుకి ఉండదు. ఎలక్ట్రీషియన్ చేత ఆ ఒక్క ప్లగ్గు కలిపించుకోండి. లేదా రూటర్‌కని చిన్న యూపీఎస్ దొరుకుతుంది, దాన్ని రూటర్ వెనకే తగిలించొచ్చు. కొనేముందు రూటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులని ఉందో చూసుకోండి. ఇవన్నీ ఉన్నా వీధంతా కరెంటు పోతే కేబుల్ ఆపరేటర్ పెట్టె కూడా ఆగిపోవచ్చు. అప్పటికి ఫోన్ హాట్‌స్పాటే గతి. ఆ ఫోన్‌లో సిమ్ వైఫై కంపెనీది కాకుండా వేరే కంపెనీది అయితే రెండూ ఒకేసారి పడిపోయే ప్రమాదం తగ్గుతుంది. పెద్ద ఫైలొకటి హాట్‌స్పాట్ మీద ఎక్కించి చూసి పెట్టుకోండి, అవసరం రాకముందే.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గడువులు పెట్టుకోకండి. పగలంతా కాల్చి, ఐదింటికి ఈదురుగాలి లేచి, చెట్టుకొమ్మ తీగల మీద పడిందంటే కరెంటు ఎప్పుడొస్తుందో లైన్‌మన్ కూడా చెప్పలేడు. మధ్యాహ్నం 12 అని రాసుకుంటే ఆ గొడవే ఉండదు.

7. ఇంట్లో వాళ్లతో

"ఇంట్లోనే ఉంటావుగా, గ్యాస్ సిలిండర్ తీసుకో." "ఇంట్లోనే ఉంటారుగా వదినా, మావాణ్ణి ఓ గంట మీ దగ్గర వదిలి వెళ్తాను." ఈ మాటలన్నవాళ్ల మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. వాళ్ల కళ్లకి మనం లాప్‌టాప్ చూస్తూ కూర్చున్నాం, అంతే.

"పనుంది" అంటే ఎవరూ వినరు, పని ఎవరికి లేదు? టైము చెప్పండి. "పన్నెండున్నర దాకా ఫోన్ ఎత్తను పిన్నీ, అయ్యాక నేనే చేస్తాను" అని చెప్పి, పన్నెండున్నరకి నిజంగా చేయండి. నాలుగుసార్లు అలా చేస్తే పన్నెండున్నరకి ముందు ఫోన్ రావడం దానంతటదే తగ్గుతుంది. అత్తగారికో అమ్మకో తారీకు చెప్పండి: "అత్తయ్యా, గురువారం మధ్యాహ్నానికి ఇది పంపాలి, అప్పటిదాకా వంట మీరు చూసుకుంటే శుక్రవారం మిమ్మల్ని గుడికి తీసుకెళ్తాను." ఇందులో డబ్బు ఎంతొస్తుందో కూడా చెప్తే తప్పేం లేదు. ఆఫీసుకెళ్లే కొడుకు జీతం తెలిసిన ఇంట్లో, ఇంట్లో కూర్చుని సంపాదించే కోడలి ఇన్వాయిస్ ఎంతో తెలియకపోవడం వల్లే సగం తంటా.

తలుపు ఉన్న గది దొరికితే అదృష్టం. దొరక్కపోతే ఇంట్లో వాళ్లు లేవకముందు ఒక గంట, పిల్లలు బడికెళ్లాక రెండు గంటలు, ఈ మూడు గంటల్లో కష్టమైన పని పెట్టుకుని, మెయిళ్లు, ఇన్వాయిస్‌లు, ఫార్మాటింగ్ టీవీ మోగుతున్నప్పుడు చేసుకోండి.

8. నిజంగా పెద్దదే వచ్చి పడితే

నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చారు. ఫైలు సగంలో ఉంది. చాలామంది ఇక్కడ "చూద్దాం, రేపటికి తేలికపడుతుందేమో" అని ఆగుతారు. ఆగి, ఆఖరి రోజు మధ్యాహ్నం మెసేజ్ పెడతారు. అప్పటికి ఏజెన్సీలో పని పంచే ప్రాజెక్ట్ మేనేజర్ చేతిలో ఇంకో మనిషిని వెతుక్కునే టైము ఉండదు. గడువు మూడు రోజులుండగా చెప్తే అది వాళ్లకి సర్దుకోవాల్సిన పని. మూడు గంటలుండగా చెప్తే వాళ్ల పై అధికారి దగ్గర వాళ్లు తిట్లు తినాలి.

కాబట్టి ఆ రోజే, మందుల షాపు దగ్గర వరుసలో నిలబడి ఉన్నప్పుడైనా సరే, నాలుగు విషయాలు తేల్చుకోండి. ఎంత అయింది, ఎంత మిగిలింది, మళ్లీ ఎప్పుడు కూర్చోగలను, నేను లేకుండా ఇది నడుస్తుందా. తేల్చుకున్నాక ఇలా రాయండి:

"నమస్తే మేడమ్. ఇంట్లో ఒకరిని ఈ ఉదయం ఆసుపత్రిలో చేర్చాం. కన్సెంట్ ఫారం 9,000 మాటల్లో 6,800 పూర్తయ్యాయి, అందులో 5,000 దిద్దడం కూడా అయింది. గడువు గురువారం మధ్యాహ్నం 12. నేను బుధవారం సాయంత్రం నుంచి కూర్చోగలను. రెండు దారులున్నాయి. దిద్దిన భాగం ఈ రాత్రి 9కి పంపి, మిగతాది సోమవారం ఉదయం 11కి ఇస్తాను. లేదా గురువారం తప్పనిసరి అయితే మిగిలిన 2,200 మాటలు ఇంకొకరికి ఇవ్వండి, నా పదాల జాబితా, క్లయింట్ ఇచ్చిన జవాబులు వెంటనే పంపుతాను. ఏది వీలవుతుందో సాయంత్రం 5 లోపు చెప్పగలరా?"

ఇందులో ఏం లేదో చూడండి. జబ్బు పేరు లేదు, డాక్టరు ఏమన్నాడో లేదు, అడ్మిషన్ స్లిప్పు ఫోటో లేదు. అవి అడిగే క్లయింట్ దగ్గర ఎక్కువ కాలం ఉండక్కర్లేదు. అవతలి మనిషికి కావాల్సింది అంకెలు, తారీకులు, తను ఎంచుకోవడానికి దారులు. తెలుగు క్లయింట్ అయితే వాట్సాప్‌లోనే ఇదే మాట చెప్పొచ్చు, కానీ ఒప్పుకున్న కొత్త తారీకు మెయిల్‌లో కూడా పెట్టండి.

సోమవారం ఎందుకన్నాం? బుధవారం సాయంత్రం నుంచి రోజుకి 1,000 చొప్పున 2,200 మాటలు శనివారానికి అయిపోతాయి. అయినా రెండు రోజులు కలిపాం. మొదటిసారి తారీకు మారిస్తే ఎవరైనా అర్థం చేసుకుంటారు. మార్చిన తారీకు కూడా తప్పితే ఇక ఆ ఏజెన్సీ జాబితాలో మీ పేరు కిందికి పోతుంది. భయపడి "రేపే ఇచ్చేస్తాను" అనడం అన్నిటికంటే చెడ్డ తారీకు.

ఆసుపత్రిలో అటెండర్‌గా కూర్చుని ఏం చేయొచ్చు, ఏం చేయలేం అన్నది ముందే తెలిసి ఉంటే మంచిది. కొత్తగా అనువాదం చేయడం కుదరదు. ప్రతి పది నిమిషాలకీ నర్సు వచ్చి "ఈ ఇంజక్షన్ కింద ఫార్మసీలో తెండి" అంటుంది. అప్పటికే చేసినదాన్ని ఫోన్‌లో పీడీఎఫ్‌గా చదివి తప్పులు కాగితం మీద రాసుకోవడం కుదురుతుంది. మెయిళ్లకి జవాబులు కుదురుతాయి. ఆసుపత్రి ఉచిత వైఫైలో క్లయింట్ ఫైలు తెరవకండి, మీ డేటానే వాడండి. పక్క మంచం వాళ్లకి స్క్రీను కనబడుతుంటే అసలు తెరవకండి.

9. ముందే ఒక జోడీని చూసుకోండి

మీ లాంటి పనే చేసే ఇద్దరితో మంచిగా ఉన్న రోజుల్లోనే మాట్లాడి పెట్టుకోండి. "నాకు ఇబ్బంది వస్తే నువ్వు, నీకు వస్తే నేను" అని. ఒకరి పని ఒకరు చూసి ఉండాలి, రేటు ముందే తేలి ఉండాలి. ఎమర్జెన్సీలో పని అందుకున్న మనిషికి వాళ్ల భాగానికి పూర్తి రేటు ఇవ్వండి, మధ్యలో కమీషన్ తీసుకోకండి. ఇంకోసారి పిలిస్తే వస్తారు.

క్లయింట్‌కి చెప్పకుండా మాత్రం ఫైలు ఎవరికీ ఇవ్వకూడదు. మీరు సంతకం పెట్టిన గోప్యత ఒప్పందంలో ఆ మాట ఉండే ఉంటుంది, తీసి చదవండి. చెల్లెలికి పంపినా, స్నేహితురాలికి పంపినా ఒప్పందం దృష్టిలో బయటివాళ్లకి ఇచ్చినట్టే. ఆన్‌లైన్ ట్రాన్స్‌లేషన్ పెట్టెలో అతికించి గబగబా గట్టెక్కుదామనుకోవడం కూడా అదే కోవలోకి వస్తుంది. చాలా ఏజెన్సీలు ముందు అడిగితే జోడీకి ఒప్పుకుంటాయి, వాళ్ల దగ్గర కూడా ఒక కాగితం మీద సంతకం తీసుకుంటాయి. పని మొదలైన కొత్తలోనే "నాకు బదులు ఫలానావారు ఉంటారు, వాళ్ల ఒప్పందం కూడా చేసి పెట్టుకోండి" అని అడగండి.

10. పంపేశాక

ఆలస్యంగా పంపినప్పుడు క్షమాపణ ఒక్క వాక్యం చాలు, మెయిల్ మొదట్లో. మీ అంతట మీరు రేటు తగ్గిస్తాననకండి. ముందే చెప్పి, చెప్పిన కొత్త తారీకుకి ఇచ్చినవాళ్లు తగ్గించాల్సిన పనిలేదు. వాళ్లకి నిజంగా నష్టం జరిగి, వాళ్లే అడిగితే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఇన్వాయిస్ అదే రోజు పెట్టండి. నోటుబుక్కులో నాలుగు గళ్లూ నింపండి, పక్కన కారణం రెండు మాటల్లో: "నాన్న, ఆసుపత్రి", "ఒంటిపూట బడి", "క్లయింట్ ఫైలు లేటుగా పంపారు". ఏడాదికోసారి ఆ కారణాలు చదివితే ఒక సంగతి బయటపడొచ్చు. మీ ఆలస్యాల్లో కొన్ని ఇంటివల్ల వచ్చినవి కావు, ఒకే క్లయింట్ వల్ల వచ్చినవి. శుక్రవారం సాయంత్రం ఆరింటికి పంపి సోమవారం పొద్దున్న అడిగేవాళ్లు ప్రతి ఫ్రీలాన్సర్‌కీ ఒకరుంటారు. వాళ్లకి అర్జంట్ రేటు చెప్పండి. మామూలు రేటుకి పావువంతో సగమో కలపడం ఈ రంగంలో ఉన్నదే. ఇస్తే ఆ వారం ఇంటిపనికి మనిషిని పెట్టుకోవచ్చు. ఇవ్వనంటే ఆ సోమవారాలు మీకు తిరిగొస్తాయి.